నాలుగు జోన్ల డీఎస్‌పీ యాంప్లిఫయర్‌కు నియంత్రణ ప్రోటోకాల్: ఓఎస్‌సీయా, ఎమ్‌క్యూటీటీయా, మరొకటా?

ప్రశ్న: అమలాపురం_సర్క్యూట్

ఒక కల్యాణ మండపం కోసం నాలుగు జోన్ల యాంప్లిఫయర్ పెట్టెను తయారుచేస్తున్నాను. ప్రధాన హాలు, భోజనశాల, ముందు వరండా, పెళ్లివారి విడిది గదులు అనే నాలుగు చోట్లకూ ఒకే మిక్సర్ నుంచి శబ్దం వెళ్తుంది గానీ, ఎక్కడి వాల్యూమ్, ఎక్కడి ఈక్వలైజర్ అక్కడివే. శబ్దం అనలాగ్ తీగల మీదే వస్తుంది. నెట్‌వర్క్ మీద నడవవలసింది నియంత్రణ మాత్రమే. పెట్టెలో ఒక ఈఎస్‌పీ32 మాడ్యూల్ (వైఫై ఉన్న చిన్న నియంత్రణ కంప్యూటర్), దాని ఐ2సీ బస్సు (చిప్పులను కలిపే తీగల జత) మీద ఒక ఏడీఏయూ1701 సిగ్మా డీఎస్‌పీ చిప్పు (శబ్దాన్ని అంకెల రూపంలో మలిచేది), నాలుగు క్లాస్-డీ యాంప్లిఫయర్ బోర్డులు ఉన్నాయి. ఆ చిప్పులోనే అంకెలను తిరిగి అనలాగ్ శబ్దంగా మార్చే నాలుగు డీఏసీ అవుట్‌పుట్లు ఉండడం వల్ల జోన్‌కు ఒకటి చొప్పున సరిపోయాయి.

నియంత్రణ మూడు చోట్ల నుంచి జరగాలి. భోజనశాల గోడకు తిప్పే నాబ్ ఉన్న చిన్న ప్యానెల్ ఒకటి ఉంటుంది, సౌండ్ ఆపరేటర్ దగ్గర ఆండ్రాయిడ్ టాబ్లెట్ ఉంటుంది, మండపం మేనేజరు తన ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి చూసుకుంటారు. ఏ ఒక్కరు మార్చినా మిగతా ఇద్దరి తెర మీద ఆ మార్పు వెంటనే కనిపించాలి. గట్టిమేళం సమయంలో ఈ ముగ్గురూ ఒకేసారి వాల్యూమ్ మీద చెయ్యి వేస్తారన్నది అనుభవం మీద తెలిసిన విషయమే. దానికి తోడు కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు పెట్టె ఆరిపోయి మళ్లీ లేస్తుంది; లేచిన తరువాత పాత వాల్యూమ్‌తోనే, స్పీకర్లలో టప్పుమనే శబ్దం లేకుండా మొదలవ్వాలి.

ఇంతవరకు నేను పరిశీలించినవి నాలుగు: యూడీపీ (రసీదు అడగకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) మీద ఓఎస్‌సీ (సంగీత పరికరాల నియంత్రణ సందేశాలు), ఎమ్‌క్యూటీటీ (మధ్యవర్తి ద్వారా సందేశాలు పంచే పద్ధతి), వెబ్ పేజీలకు వాడే సాదా హెచ్‌టీటీపీ, నెట్‌వర్క్ మీద నడిచే మిడి (సంగీత వాద్యాల సంకేత భాష). యూడీపీలో ప్యాకెట్లు పోతాయంటారు కాబట్టి ఓఎస్‌సీ విషయంలో సందేహంగా ఉంది. ఎమ్‌క్యూటీటీలో అందిందన్న భరోసా ఉంది గానీ దానికి సందేశాలను అందుకుని పంచే బ్రోకర్ అనే మరో యంత్రం కావాలి. వృత్తిపరమైన పరికరాలలో ఏఈఎస్70 అనే నియంత్రణ ప్రమాణం వాడతారని కూడా చదివాను. అతిథుల ఫోన్లు వందల సంఖ్యలో ఉండే హాలులో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద వీటిలో ఏది నిలబడుతుందో, ఏ కారణం చేత నిలబడుతుందో అనుభవం ఉన్నవారు వివరించగలరు.

సమాధానం: ఫర్మ్‌వేర్_శ్రోత

శబ్దాన్ని, నియంత్రణను మీరు మొదటే విడదీసుకున్నారు కాబట్టి సగం చిక్కు తీరింది. చాలామంది డాంటే, ఏఈఎస్67 వంటి పేర్లను ఈ చర్చలోకి తెచ్చి గందరగోళపడతారు. 2013లో వచ్చిన ఏఈఎస్67 ప్రమాణం శబ్దాన్ని నెట్‌వర్క్ మీద ఎలా పంపాలో చెబుతుందే తప్ప, అవతలి యాంప్లిఫయర్ వాల్యూమ్‌ను ఎలా తగ్గించాలన్న విషయం జోలికి పోదు.

ప్రోటోకాల్ పేరు కంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: సందేశంలో ఏం రాసి పంపుతున్నారు, అసలు స్థితి ఎవరి దగ్గర ఉంటుంది? గోడ ప్యానెల్ “రెండు మెట్లు పెంచు” అని పంపితే, ఆ ప్యాకెట్ పోయినా తప్పే, రెండుసార్లు అందినా తప్పే. అదే ప్యానెల్ “రెండో జోన్ వాల్యూమ్ 0.62” అని పంపితే, ఒకటి పోయినా దాని వెనక వచ్చేది సరిచేస్తుంది, రెండుసార్లు అందినా నష్టం లేదు. మ్యూట్ కూడా అంతే: “మ్యూట్‌ను తిరగెయ్యి” అనే ఆదేశం యూడీపీ మీద ప్రమాదకరం, “మ్యూట్ = 1” అనేది నిరపాయం. ఈ నియమాన్ని కచ్చితంగా పాటిస్తే యూడీపీ గురించి మీకున్న భయంలో ముప్పాతిక భాగం పోతుంది. పాటించకపోతే, అందేదాకా మళ్లీ పంపే టీసీపీ కూడా మిమ్మల్ని పూర్తిగా కాపాడలేదు, ఎందుకంటే కనెక్షన్ తెగి మళ్లీ కలిసినప్పుడు చివరి ఆదేశం అవతల అమలైందో లేదో పంపినవాడికి తెలియదు.

స్థితి పెట్టెలోనే ఉండాలి. టాబ్లెట్, బ్రౌజర్, గోడ నాబ్ మూడూ పెట్టెకు విన్నపం చేసేవే. పెట్టె ఆ విలువను స్వీకరించి, పరిధిలో ఉందో లేదో చూసి, డీఎస్‌పీకి రాసి, ఆ తరువాత అందరికీ “ఇప్పుడు విలువ ఇదీ” అని ప్రకటించాలి. గోడ మీద అంతులేకుండా తిరిగే ఎన్‌కోడర్ పెట్టండి, మొదలు చివర ఉన్న పొటెన్షియోమీటర్ పెట్టకండి. పొటెన్షియోమీటర్ ఉన్నచోటే ఉండిపోతుంది కనుక టాబ్లెట్‌లో విలువ మారిన తరువాత దాన్ని ముట్టుకోగానే శబ్దం ఒక్కసారిగా ఎగురుతుంది. ఎన్‌కోడర్ అయితే పెట్టె ప్రకటించిన తాజా విలువకు తన మెట్లను కలిపి కొత్త విలువను పంపుతుంది.

ఇక ఓఎస్‌సీ సంగతి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సీఎన్‌మాట్ అనే సంగీత పరిశోధన కేంద్రంలో ఇది పుట్టింది, 1.0 నిర్దేశం 2002లో వెలువడింది. సందేశం చాలా తేలికైనది. ముందు “/జోన్/2/వాల్యూమ్” వంటి చిరునామా (నిజంగా పంపేటప్పుడు ఆస్కీ, అంటే సాదా ఆంగ్ల అక్షరాలే ఉండాలి), తరువాత విలువ ఏ రకమో చెప్పే ట్యాగ్, ఆ తరువాత విలువ. ప్రతి భాగమూ నాలుగు బైట్ల గుణిజంగా ఉంటుంది. ఆంగ్లంలో రాసిన ఇలాంటి చిరునామాకు 16 బైట్లు, ట్యాగ్‌కు 4, ఫ్లోట్ (దశాంశ సంఖ్య) విలువకు 4, మొత్తం 24 బైట్లు. ఈఎస్‌పీ32 మీద దీన్ని విప్పి చదవడానికి వంద వరుసల కోడ్ కూడా అవసరం ఉండదు, మెమరీని అప్పటికప్పుడు కేటాయించుకోవలసిన పనీ లేదు.

ఇది ఆటవస్తువుల స్థాయిదేమో అన్న అనుమానం ఉంటే బెరింగర్ ఎక్స్32 మిక్సర్‌ను చూడండి. అది 2012 నుంచి మార్కెట్‌లో ఉంది, మన వైపు సౌండ్ కంపెనీల దగ్గర కూడా విరివిగా కనిపిస్తుంది. దాని టాబ్లెట్ నియంత్రణ అంతా యూడీపీ 10023 పోర్టు మీద ఓఎస్‌సీతోనే నడుస్తుంది. ఫేడర్ విలువను 0 నుంచి 1 మధ్య ఫ్లోట్‌గా పంపుతారు. విలువ లేకుండా చిరునామా మాత్రమే పంపితే మిక్సర్ ప్రస్తుత విలువను తిరిగి చెబుతుంది. మార్పులన్నీ తనకు తెలియజేయమని టాబ్లెట్ ఒక చందా సందేశం పంపుతుంది, దాన్ని పది సెకన్లలోపు మళ్లీ పంపకపోతే మిక్సర్ ఆ టాబ్లెట్‌ను మరిచిపోతుంది. ఈ చివరి ఏర్పాటును మీరు యథాతథంగా అనుసరించవచ్చు. టాబ్లెట్ బ్యాటరీ అయిపోయినా, ఆపరేటర్ ప్రాంగణం దాటి వెళ్లిపోయినా పెట్టె దగ్గర చచ్చిన కనెక్షన్ల జాబితా పేరుకుపోదు.

ఈఎస్‌పీ32 వైపు రెండు జాగ్రత్తలు చెబుతాను. మొదటిది, ఆ మాడ్యూల్ వైఫై క్లయింటుగా ఉన్నప్పుడు అప్రమేయంగా విద్యుత్ పొదుపు పద్ధతిలో ఉంటుంది. రేడియోను ఆపి, రూటర్ క్రమం తప్పకుండా పంపే బీకన్ సంకేతం వచ్చే వేళకు మాత్రమే లేస్తుంది. బీకన్ల మధ్య వ్యవధి మామూలుగా 102.4 మిల్లీసెకన్లు కాబట్టి, నాబ్ తిప్పిన తరువాత శబ్దం మారడానికి ఒక్కోసారి పదో వంతు సెకను, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. జనం దీన్ని ప్రోటోకాల్ లోపమనుకుని ఎమ్‌క్యూటీటీ నుంచి ఓఎస్‌సీకి, ఓఎస్‌సీ నుంచి వెబ్‌సాకెట్‌కు (బ్రౌజర్‌తో తెరిచి ఉంచే రెండువైపుల కనెక్షన్‌కు) మారుతూ పోతారు. మీ పెట్టె బ్యాటరీ మీద నడిచేది కాదు కనుక ఆ పొదుపును పూర్తిగా ఆపివేయండి. రెండోది, నాబ్‌ను వేగంగా తిప్పినప్పుడు వచ్చే సందేశాలను వరుసలో నిలబెట్టి ఒక్కొక్కటిగా డీఎస్‌పీకి రాయకండి. ప్రతి చిరునామాకూ తాజా విలువ ఒక్కటే దాచుకుని, పది ఇరవై మిల్లీసెకన్లకొకసారి మారినవాటిని మాత్రమే రాయండి. లేకపోతే చెయ్యి ఆగిపోయిన తరువాత కూడా వాల్యూమ్ పాకుతూనే ఉంటుంది.

ఈక్వలైజర్ విషయంలో ఏడీఏయూ1701కు ఒక ప్రత్యేక సౌకర్యం ఉంది. ఈక్వలైజర్‌లో ఒక్కో బ్యాండ్‌ను మలిచే బైక్వాడ్ ఫిల్టర్‌కు ఐదు గుణకాలుంటాయి. వాటిని ఒకదాని తరువాత ఒకటి నేరుగా మారిస్తే, సగం పాతవి సగం కొత్తవి ఉన్న క్షణంలో ఫిల్టర్ అస్థిరమై పెద్ద శబ్దం పుట్టవచ్చు. అందుకే ఆ చిప్పులో సేఫ్‌లోడ్ అనే రిజిస్టర్లు సరిగ్గా ఐదు ఇచ్చారు. వాటిలో అన్నీ నింపి ఒక బిట్ సెట్ చేస్తే ఐదూ ఒకే శాంపిల్ దగ్గర మారతాయి. 400 కిలోహెర్ట్జ్ ఐ2సీ మీద ఈ మొత్తం పనికి ఒకటి రెండు మిల్లీసెకన్లు పడుతుంది. అందువల్ల నెట్‌వర్క్ మీద గుణకాలను పంపకండి. “పౌనఃపున్యం ఇంత, గెయిన్ ఇంత, క్యూ (బ్యాండ్ వెడల్పు) ఇంత” అని మూడింటినీ ఒకే సందేశంలో పంపి, గుణకాలను ఈఎస్‌పీ32లో లెక్కకట్టండి. మూడు వేర్వేరు సందేశాలుగా పంపితే మధ్యలో ఒకటి పోయినప్పుడు ఎవరూ కోరని ఫిల్టర్ తయారవుతుంది.

సమాధానం: బ్రోకర్_పక్షపాతి

పై సమాధానంలో చాలా భాగంతో ఏకీభవిస్తాను గానీ, ఎమ్‌క్యూటీటీని ఊరికే పక్కన పెట్టేయడం సరికాదు. నేను భవనాల ఆటోమేషన్ రంగంలో పనిచేస్తాను. పెట్టె ఒకటే ఉన్నంతవరకు ఓఎస్‌సీ చక్కగా ఉంటుంది. రేపు అదే యజమాని పై అంతస్తులో మినీ హాలు కట్టి మరో రెండు పెట్టెలు పెట్టమంటే, ఏ పెట్టె బతికి ఉంది, ఏది ఆరిపోయింది, దేని హీట్‌సింక్ వేడెక్కింది అన్నవన్నీ మేనేజరుకు ఒకేచోట కనిపించాలి. ఆ పనికి ఎమ్‌క్యూటీటీని మించినది నాకు కనబడలేదు. 1999లో దీన్ని రూపొందించినదే దూరంగా, నమ్మకం లేని లింకుల అవతల ఉన్న చమురు పైపులైన్ల పరికరాలను కనిపెట్టి ఉండడానికి. చివరి విలువను బ్రోకర్ దగ్గర నిలిపి ఉంచే సందేశాల వల్ల కొత్తగా తెరిచిన ఫోన్‌కు అన్ని జోన్ల తాజా విలువలూ చేరిన మరుక్షణమే అందుతాయి. చందా సందేశాలు, విలువ అడిగే సందేశాలు మీరు విడిగా రాసుకోనక్కరలేదు. పెట్టె హఠాత్తుగా ఆరిపోతే దాని తరఫున “నేను లేను” అని బ్రోకరే ప్రకటించే వీలునామా ఏర్పాటు కూడా ఉంది.

అయితే మూడు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది, ఆ వీలునామా వెంటనే అమలవదు. కీప్‌అలైవ్ వ్యవధికి (బతికే ఉన్నానని తెలపవలసిన గడువుకు) ఒకటిన్నర రెట్లు మౌనంగా ఉన్న తరువాతే బ్రోకర్ కనెక్షన్ పోయినట్టు భావిస్తుంది. కీప్‌అలైవ్ 60 సెకన్లు పెట్టుకుంటే కరెంటు పోయిన సంగతి తెర మీదికి రావడానికి 90 సెకన్లు పట్టవచ్చు. మీకు 5 సెకన్లు పెట్టుకోవడం సమంజసం. రెండోది, ఆదేశాలకు నిలిపి ఉంచే గుర్తును ఎప్పుడూ పెట్టకూడదు, స్థితి ప్రకటనలకే పెట్టాలి. నిన్న రాత్రి రిసెప్షన్‌లో ఎవరో పంపిన “వాల్యూమ్ 0.95” ఆదేశం బ్రోకర్‌లో నిలిచిపోతే, తెల్లవారుజామున సుప్రభాతానికి పెట్టెను ఆన్ చేయగానే అదే ఆదేశం మళ్లీ అందుతుంది. ఆదేశానికి ఒక టాపిక్ (సందేశాలు చేరే పేరు), స్థితికి వేరొక టాపిక్ పెట్టుకోవడం తప్పనిసరి. మూడోది, సేవాస్థాయి (సందేశం అందుతుందన్న హామీ మెట్టు) 2 పెట్టుకుంటే ఎక్కువ భద్రత అనుకుని నాబ్ సందేశాలకు దాన్ని వాడకండి. ఒక్కో విలువకు నాలుగు ప్యాకెట్ల రాకపోకలు జరుగుతాయి, ఫలితం మాత్రం ఏమీ ఉండదు. నాబ్‌కు స్థాయి 0, ప్రీసెట్ మార్పుకు స్థాయి 1 చాలు.

సమాధానం: ఫర్మ్‌వేర్_శ్రోత

బ్రోకర్_పక్షపాతి గారు చెప్పిన ఉష్ణోగ్రత, బతికి ఉన్నదీ లేనిదీ వంటి సమాచారానికి ఎమ్‌క్యూటీటీయే మేలు; అందులో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, గోడ నాబ్‌కూ పెట్టెకూ మధ్య దారిలో బ్రోకర్ నిలబడడం దగ్గర. బ్రోకర్ నడిచే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో మెమరీ కార్డు చెడిపోతే పెళ్లి జరుగుతున్న హాలులో ఎవరూ వాల్యూమ్ తగ్గించలేని పరిస్థితి వస్తుంది. శబ్దం వినిపిస్తున్నంతవరకు దాన్ని తగ్గించే దారి కూడా పనిచేయాలి. మధ్యలో మూడో యంత్రం మీద ఆధారపడకూడదు.

రెండో కారణం టీసీపీ స్వభావం. ఎమ్‌క్యూటీటీ టీసీపీ మీద నడుస్తుంది కాబట్టి సేవాస్థాయి 0 పెట్టినా, ఒక ప్యాకెట్ పోతే దాని వెనక వచ్చినవన్నీ అది మళ్లీ అందేదాకా ఆగుతాయి. లినక్స్‌లో మళ్లీ పంపడానికి వేచి ఉండే కనీస వ్యవధి 200 మిల్లీసెకన్లు. ఆ తరువాత ఆగిపోయిన విలువలన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. పోయిన పాత విలువ మనకు అక్కరలేదు, కొత్తది కావాలి. టీసీపీ మాత్రం పాతదాన్ని అందించిన తరువాతే కొత్తదాన్ని ఇస్తుంది. ఇది కాక నేగల్ పద్ధతి చిన్న ప్యాకెట్లను పోగుచేసి పంపే ప్రయత్నం చేస్తుంది. టీసీపీ ఎక్కడ వాడినా, ప్రీసెట్లకైనా సరే, దాన్ని ఆపే సాకెట్ ఆప్షన్‌ను పెట్టుకోవడం మరవకండి.

యూడీపీ ప్యాకెట్లు పోవడం గురించి కూడా ఒక మాట. వైఫైలో ఒకే గ్రహీతకు పంపే ఫ్రేములకు రేడియో స్థాయిలోనే రసీదు ఉంటుంది. అందకపోతే హార్డ్‌వేరే మళ్లీ మళ్లీ పంపుతుంది. ఒకేసారి పలువురికి పంపే బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ ఫ్రేములకు ఆ రసీదు ఉండదు, పైగా అవి తక్కువ వేగంతో వెళ్తాయి. “ఓఎస్‌సీ వైఫై మీద నిలబడదు” అన్న ఫిర్యాదు వచ్చిన చోట్ల తరచుగా కనిపించేది మల్టీకాస్ట్ వాడకమే. పెట్టె తన స్థితిని ప్రకటించేటప్పుడు చందాదారుల జాబితా చూసి ఒక్కొక్కరికీ విడివిడిగా పంపండి. ముగ్గురికి మూడు ప్యాకెట్లు పెద్ద భారం కాదు. వాటితోపాటు సెకనుకొకసారి అన్ని జోన్ల విలువలనూ ఒకే బండిల్‌గా పంపితే, మధ్యలో ఏదైనా పోయినా తెర మీద తేడా ఒక సెకనుకు మించి నిలవదు.

సమాధానం: మిక్సర్_వెనక

మిడి, ఏఈఎస్70ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తాను.

మిడి 1983 నాటిది. మామూలు కంట్రోల్ సందేశంలో విలువకు ఏడు బిట్లే ఉంటాయి, అంటే 0 నుంచి 127 వరకు 128 మెట్లు. 80 డెసిబెల్స్ పరిధిని వాటికి సమంగా పంచితే మెట్టుకు 0.63 డెసిబెల్ పడుతుంది. భోజనశాలకు అది చాలు గానీ, ప్రధాన హాలులో నెమ్మదిగా ఫేడ్ చేస్తే మెట్లు వినిపించే అవకాశం ఉంది. రెండు సందేశాలు జతచేసి 14 బిట్లు పంపవచ్చు, కానీ అప్పుడు ఆ రెండూ కలిసే అందాలి. నెట్‌వర్క్ మీద మిడిని పంపడానికి ఆర్‌టీపీ-మిడి ఉంది, పోయిన సందేశాలను పూరించే జర్నల్ కూడా అందులో ఉంది, అది బాగా ఆలోచించి చేసిన పనే. మీ దగ్గర ఇప్పటికే మిడి ఫేడర్ల పెట్టె ఉండి, దాన్నే వాడాలనుకుంటే తప్ప ఈ దారిలోకి రాకండి. సంగీత వాద్యాల భాషలో జోన్లను, ఈక్వలైజర్ బ్యాండ్లను ఇమడ్చడానికి మీరే ఒక పట్టిక తయారుచేసుకుని, దాన్ని జీవితాంతం మోయాలి.

ఏఈఎస్70 మాత్రం గౌరవించదగినది. ఓసీఏ అనే పేరుతో మొదలై 2015లో ప్రమాణమైంది. గెయిన్, మ్యూట్, ఫిల్టర్, ఉష్ణోగ్రత సెన్సర్ వంటివాటికి ముందే నిర్వచించిన తరగతులుంటాయి. కంట్రోలర్ పరికరానికి కనెక్ట్ అయి “నీలో ఏమేమున్నాయి” అని అడిగి తెలుసుకోగలదు, మార్పులకు చందా కట్టగలదు. డీ అండ్ బీ వంటి పెద్ద సంస్థల యాంప్లిఫయర్లు దీనితోనే నడుస్తాయి. ఓఎస్‌సీలో లేనిది సరిగ్గా ఇదే: ఎక్స్32కు రాసిన చిరునామాలు ఎక్స్32కే పనికొస్తాయి, మీ పెట్టె చిరునామాలు మీ పెట్టెకే. మీరు పదిమంది తయారీదారుల పరికరాలతో కలవవలసిన ఉత్పత్తిని అమ్మబోతుంటే ఏఈఎస్70 నేర్చుకోండి. ఒక మండపంలో ఒక పెట్టెకు, దాన్ని తయారుచేసినవారే టాబ్లెట్ తెర కూడా గీస్తున్నప్పుడు, ఆ తరగతుల వృక్షాన్నంతా ఈఎస్‌పీ32లో కట్టుకోవడం వృథా శ్రమ. టచ్‌ఓఎస్‌సీ, ఓపెన్ స్టేజ్ కంట్రోల్ వంటి సిద్ధంగా దొరికే అప్లికేషన్లు ఓఎస్‌సీకి ఉండడం వల్ల మీ టాబ్లెట్ పని ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

ప్రశ్న కొనసాగింపు: అమలాపురం_సర్క్యూట్

అందరికీ కృతజ్ఞతలు. టాబ్లెట్‌కు, గోడ నాబ్‌కు యూడీపీ మీద ఓఎస్‌సీ అని నిర్ణయించుకున్నాను. ఇంకా మూడు సందేహాలు మిగిలాయి. బ్రౌజర్ నుంచి యూడీపీ పంపలేమని తెలిసింది. మేనేజరు ఫోన్‌కు హెచ్‌టీటీపీతో సరిపెట్టవచ్చా? గోడ ప్యానెల్ పెట్టెకు సుమారు ముప్పై మీటర్ల దూరంలో ఉంది. దానికి వైఫై పెట్టాలా, తీగ లాగాలా? అతిథుల్లో ఎవరైనా ఆకతాయి ఇదే ఓఎస్‌సీ సందేశం పంపి శబ్దం పెంచకుండా ఎలా ఆపాలి?

సమాధానం: కేబుల్_లాగేవాడు

గోడ ప్యానెల్‌కు తీగే లాగండి, అందులో రెండో ఆలోచన వద్దు. గోడకు కదలకుండా బిగించిన వస్తువును, వందల ఫోన్లు పోటీపడే 2.4 గిగాహెర్ట్జ్ మీదికి తీసుకెళ్లవలసిన అవసరం ఏముంది? ముప్పై మీటర్లకు ఈథర్నెట్ వంద మీటర్ల హద్దులోనే ఉంది. మీ దగ్గరున్నది అసలు ఈఎస్‌పీ32 అయితే దానిలోనే ఈథర్నెట్ మ్యాక్ (ఫ్రేములను నడిపే భాగం) ఉంటుంది, దాన్ని తీగకు కలిపే ల్యాన్8720 వంటి ఫై చిప్పు జోడిస్తే చాలు. ఎస్3 రకం అయితే ఆ మ్యాక్ ఉండదు కనుక ఎస్‌పీఐ మీద నడిచే డబ్ల్యూ5500 పెట్టుకోవాలి.

అంతకంటే చవకైన దారి ఆర్ఎస్-485 అనే సీరియల్ తీగ పద్ధతి. ఒకే క్యాట్5 తీగలో ఒక జత డేటాకు, మిగతావి కరెంటుకు వాడుకోవచ్చు. అదే ఓఎస్‌సీ సందేశాన్ని స్లిప్ (సందేశం హద్దులను గుర్తించే) చట్రంలో పెట్టి సీరియల్ మీద పంపవచ్చు. 2009 నాటి ఓఎస్‌సీ 1.1 ప్రతిపాదన కూడా సీరియల్ లింకులకు ఈ పద్ధతినే సూచించింది. సెకనుకు 1,15,200 బిట్ల వేగంతో 24 బైట్ల సందేశం రెండు మిల్లీసెకన్ల పైచిలుకులో చేరిపోతుంది. పెట్టెలో సందేశాన్ని విప్పే కోడ్ ఒక్కటే, అది యూడీపీ నుంచి వచ్చినా సీరియల్ నుంచి వచ్చినా తేడా ఉండదు. రూటర్ కాలిపోయినా గోడ నాబ్ పనిచేస్తూనే ఉంటుంది. శబ్దం తగ్గించే దారి గురించి పైన వచ్చిన మాటకు ఇది అన్నిటికంటే గట్టి జవాబు. డైనింగ్ హాలులో ట్యూబ్‌లైట్ల, ఎగ్జాస్ట్ ఫ్యాన్ల తీగలతో కలిపి ఒకే పైపులో మాత్రం లాగకండి, చివర్లలో 120 ఓమ్ రెసిస్టర్లను మరవకండి.

ఆకతాయిల విషయం: ఓఎస్‌సీలో సంకేతపదం లేదు, గుప్తీకరణ లేదు, ఎక్స్32కు కూడా నెట్‌వర్క్‌లోకి వచ్చినవాడే యజమాని. కాబట్టి నెట్‌వర్క్‌నే వేరు చేయాలి. అతిథులకు ఇచ్చే వైఫైని, నియంత్రణ వైఫైని వేర్వేరు వీల్యాన్‌లలో (ఒకదానితో ఒకటి కలవని నెట్‌వర్క్ భాగాలలో) పెట్టి, నియంత్రణ సంకేతపదాన్ని ఆపరేటరుకు, మేనేజరుకు మాత్రమే ఇవ్వండి. వీలైతే టాబ్లెట్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు కట్టండి. పెట్టెను రూటర్‌కు తీగతో కలిపితే ఈఎస్‌పీ32కు 5 గిగాహెర్ట్జ్ లేకపోవడం అడ్డు కాదు. నెట్‌వర్క్ నుంచి వచ్చే ఏ విలువైనా మీరు నిర్ణయించిన గరిష్ఠాన్ని దాటకుండా పెట్టెలోనే హద్దు పెట్టండి. ఆ హద్దును ఏ ఓఎస్‌సీ సందేశంతోనూ మార్చే వీలు ఉండకూడదు.

సమాధానం: ఫర్మ్‌వేర్_శ్రోత

మేనేజరు పేజీకి హెచ్‌టీటీపీ ఒక్కటే పెట్టుకుంటే, మార్పులు తెలియడానికి ఫోన్ ఊరికే అడుగుతూ ఉండాలి. పేజీని హెచ్‌టీటీపీతో అందించి, ఆ తరువాత వెబ్‌సాకెట్ ఒకటి తెరవండి. అందులో బైనరీ ఫ్రేమ్‌గా అదే ఓఎస్‌సీ సందేశాన్ని పంపితే పెట్టెలో మూడో భాష రాదు. ఈఎస్‌పీ32 సాఫ్ట్‌వేర్ కిట్ అయిన ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌తో వచ్చే వెబ్ సర్వర్ అప్రమేయంగా ఏడు సాకెట్లకు (కనెక్షన్లకు) మించి తెరవదు, బ్రౌజర్ మాత్రం ఒక్కటే ఆరు దాకా తెరవగలదు. అందుకని పేజీ, స్టైలు, స్క్రిప్టు అన్నింటినీ ఒకే ఫైల్‌లో ఇమిడ్చి ఇవ్వండి. వాడనివాటిలో పాతదాన్ని మూసివేసే ఆప్షన్‌ను కూడా ఆన్ చేయండి.

కరెంటు పోయి వచ్చే విషయం మిగిలింది. నాబ్ తిరిగిన ప్రతిసారీ ఫ్లాష్‌లో రాయకండి. ఫ్లాష్ సెక్టారును చెరిపి రాయగలిగేది సుమారు లక్షసార్లే. విలువ స్థిరపడి రెండు మూడు సెకన్లయిన తరువాత ఒకసారి రాయండి. పెట్టె లేచేటప్పుడు యాంప్లిఫయర్ల మ్యూట్ పిన్నును హార్డ్‌వేర్ రెసిస్టర్‌తోనే మ్యూట్ వైపు లాగి ఉంచి, డీఎస్‌పీ ప్రోగ్రామ్ ఎక్కి, దాచిన విలువలు రాసిన తరువాతే వదలండి. అప్పుడు కూడా వాల్యూమ్‌ను సున్నా నుంచి ఒకటి రెండు సెకన్లలో ఎక్కించండి.

0 నుంచి 1 వరకు వచ్చే ఫేడర్ విలువను డెసిబెల్స్‌లోకి మార్చడానికి కొత్త సూత్రం కనిపెట్టుకోనక్కరలేదు. ఎక్స్32లోని నాలుగు ముక్కల సరళరేఖ చేతికి బాగా అలవాటయ్యేలా ఉంటుంది. విలువ 0.5, ఆపైన ఉంటే 40తో గుణించి 30 తీసివేయాలి; 0.25 నుంచి 0.5 లోపు ఉంటే 80తో గుణించి 50 తీసివేయాలి, 0.0625 నుంచి 0.25 లోపు ఉంటే 160తో గుణించి 70, ఆ కిందికి 480తో గుణించి 90 తీసివేయాలి. విలువ 0.75 దగ్గర సరిగ్గా 0 డెసిబెల్, చివర 10 డెసిబెల్స్ వస్తాయి. సున్నా దగ్గర మాత్రం పూర్తి నిశ్శబ్దంగా పరిగణించాలి. మీ గరిష్ఠ హద్దు 0 డెసిబెల్ అనుకుంటే 0.75 పైన ఏది వచ్చినా 0.75గానే స్వీకరించి, ఆ 0.75నే అందరికీ తిరిగి ప్రకటించండి, అప్పుడు టాబ్లెట్‌లో ఫేడర్ కూడా అక్కడికే దిగుతుంది. వచ్చిన డెసిబెల్స్‌ను గెయిన్‌గా మార్చి, 83,88,608తో గుణిస్తే ఏడీఏయూ1701 కోరే 5.23 స్థిరబిందు విలువ (భిన్న భాగానికి 23 బిట్లు ఉండే సంఖ్య) వస్తుంది. ఉదాహరణకు మైనస్ 20 డెసిబెల్స్ అంటే గెయిన్ 0.1, చిప్పులో రాయవలసిన సంఖ్య 8,38,861.

అమలాపురం_సర్క్యూట్

ఆర్ఎస్-485 మీద స్లిప్, టాబ్లెట్‌కు యూడీపీ, ఫోన్‌కు వెబ్‌సాకెట్, మూడింటిలోనూ అదే ఓఎస్‌సీ సందేశం: ఈ ఏర్పాటుతో మొదలుపెడుతున్నాను. ఉష్ణోగ్రత వివరాల కోసం ఎమ్‌క్యూటీటీని రెండో పెట్టె వచ్చినప్పుడు చేరుస్తాను. సర్క్యూట్ బొమ్మ, చిరునామాల పట్టిక సిద్ధమయ్యాక ఇక్కడే పెడతాను. ముఖ్యంగా చందాదారుల జాబితాకు ఎనిమిది మంది హద్దు సరిపోతుందో లేదో అప్పుడు చూసి చెప్పగలరు.